ప్రమాదం ఎవరిది, నిర్ణయం ఎవరిది?

డోలుటెగ్రావిర్ అనే హెచ్.ఐ.వి. మందు సంగతి చెబుతాను. 2018 మేలో బోట్స్వానా పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. గర్భం దాల్చేనాటికే ఆ మందు వాడుతున్న స్త్రీల 426 కాన్పుల్లో నలుగురు శిశువులకు మెదడు, వెన్నుపాము లోపాలున్నాయి. దాంతో కొన్ని దేశాలు ఆడవాళ్ళకు ఆ మందు ఇవ్వటం ఆపాయి, లేదా గర్భనిరోధక సాధనం వాడితేనే ఇస్తామన్నాయి. మగవాళ్ళకు మెరుగైన మందు, వీళ్ళకు తలతిరుగుడు, పీడకలలు తెచ్చే పాత ఎఫావిరెంజ్! పిల్లలు వద్దనుకున్నవాళ్ళనైనా ఎవరడిగారు? మందుల పరీక్షల్లో గర్భిణుల్ని సాధారణంగా చేర్చుకోరు. రక్షణ అంటారు గానీ, మందు వాడకంలోకి వచ్చాక ఆ పరీక్ష వాళ్ళ ఒంటిమీదే జరుగుతుంది. జూలైలో కిగాలీలో సమావేశమైన, హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న ఆఫ్రికా స్త్రీలు ప్రమాదమెంతో తమకు చెప్పాలనీ, ఎంపిక తమకే వదలాలనీ పట్టుబట్టారు. మరిన్ని కాన్పులు లెక్కకొచ్చేసరికి ప్రమాదం చాలా తక్కువని తేలింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్త్రీలకూ దాన్నే సిఫార్సు చేసింది. మన ఏ.ఆర్.టి. కేంద్రాల్లో ఇస్తున్నదీ ఆ మందే. ఈ లెక్కలు అక్కడి స్త్రీలకు ఎవరైనా చెప్పారా?