తాళం పెట్టెలా, నిషేధమా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప పండించే ఇంట పురుగుమందు డబ్బా తప్పదు. దాన్ని తాగి ఆత్మహత్యకు పాల్పడేవారి ప్రాణాలను ఏది కాపాడుతుందో ఊహతో కాదు, రుజువుతో తేల్చాలి.

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో 8,040 మంది చేరారు. నూటికి 22 మందికి పైగా బతకలేదు. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ ఎక్కువమందిని బలిగొన్నాయి.

డబ్బాలు దాచడానికి ఇంటింటికీ తాళం పెట్టెలిస్తే సరిపోతుందనిపిస్తుంది. శ్రీలంకలో 180 ఊళ్లను ఎంచి, చీటీలు తీసినట్టు విభజించి, సగం ఊళ్లకే పెట్టెలిచ్చి పోల్చి చూశారు. 2017లో ఫలితం వచ్చింది: పురుగుమందు తాగినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే దేశంలో అతి ప్రమాదకరమైన మందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది.

సదుద్దేశం ఒక్కటే చాలదు. కొత్త చికిత్స అన్నా, కొత్త పథకం అన్నా, "దేనితో పోల్చి చూశారు? ఎంతమందికి మేలు జరిగింది?" అని అడగండి. విషం మింగినవారిని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చండి. మనసు కుంగినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.