మన సాక్ష్యాన్ని మనమే చెరుపుకోవద్దు

2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కావాలంటే, 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్నామని చూపాలి. పాత కాగితాల ఫోటోలు, పెద్దల మాటలు, గ్రామసభ వీడియోలు ఇప్పుడు మన ఫోన్లలోనే ఉన్నయ్. స్టోరేజ్ నిండిందని వాటిని తీసేయకండి. మెమొరీ కార్డు వేయండి.

కార్డు వేయగానే కొన్ని ఫోన్లు, ఎట్లా వాడతారని అడుగుతాయి. 'పోర్టబుల్' అనే నొక్కండి. 'ఇంటర్నల్' అని నొక్కితే కార్డు ఆ ఒక్క ఫోన్‌కే ముడిపడిపోతుంది. ఫోన్ పాడైతే అందులోది ఇంకెక్కడా తెరుచుకోదు. చవకని నకిలీ కార్డు కొనకండి, పైన 128 జీబీ అని ఉన్నా లోపల అంత పట్టదు.

ఒక్క కార్డునే నమ్మొద్దు. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసి, మీ ఊరి అటవీ హక్కుల కమిటీ దగ్గర పెట్టండి. పెద్దలు చెప్పింది రాయించి వేలిముద్ర కూడా తీసుకోండి. వాళ్లు ఎల్లకాలం ఉండరు కదా!

జై ఆదివాసీ!