పాత పడవకు వెలుపలి ఇంజను

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పూరీ, గోపాల్‌పూరు తీరములందు తరతరములుగా స్థిరపడిన మన తెలుగు జాలరి కుటుంబములకు పడవయే పొలము, పడవయే పెట్టుబడి. పాత ఫైబరు పడవలోని డీజిలు ఇంజనును తీసివేసి, వెనుక పలకకు బ్రాకెట్టు బిగించి, దానిపై వెలుపలి ఇంజనులు అమర్చవచ్చునా అని పలువురు అడుగుచున్నారు. మాకు తెలిసినంతవరకు విన్నవించుచున్నాము.

లాభములు కలవు. ఒడ్డు చేరునపుడు ఫ్యానును ఇసుక తగులకుండ పైకెత్తవచ్చును. ఇంజనున్న చోటు వలలకు, మంచుకు దక్కును. ఇంజనులు రెండున్నచో, ఒకటి ఆగినను రెండవది ఇల్లు చేర్చును.

అయితే బరువు మాట మరువరాదు. పాత ఇంజను పడవ లోపల, అడుగున కూర్చుండినది. క్రొత్తవి పలకకు ఆవల వ్రేలాడును. కావడిబద్ద కొసను కట్టిన బరువువలె, దూరము పెరిగిన కొలది అది వెనుకభాగమును క్రుంగదీయును. మన తీరమున ఒడ్డుకు వచ్చునపుడు కెరటము వెనుకనుండియే తరుముకొని వచ్చును గదా! క్రుంగిన పలకమీదుగా ఒక్క కెరటమెక్కిన చాలును, పడవ నిండును. ప్రాణాపాయ మిచ్చటనే యున్నది.

కావున అప్పు చేయుటకు ముందే పరీక్షింపుడు. పాత ఇంజనును దింపి, పడవను నిలుకడ నీటిలో నుంచి, వెనుకకు 60 సెంటీమీటర్లు పొడుచుకొని వచ్చునట్లు రెండు దుంగలు గట్టిగా కట్టుడు. క్రొత్త ఇంజనులు, బ్రాకెట్టు ఎంత బరువో అంత ఇసుకను వాని కొసలకు వ్రేలాడదీయుడు. వలలు, మంచు, మనుష్యులు ఎక్కినపిదప నీరెంతవరకు వచ్చినదో గీత గీయుడు. డెక్కుమీది నీరు పోవు రంధ్రములు మునిగినచో ఆ మార్పు తగదు. లేదా బరువును ముందుకు జరుపవలెను.

పలకను సుత్తితో తట్టి చూడుడు. లోపలి కొయ్య చీకినచో మొద్దు ధ్వని వచ్చును. దానిని మార్చక బ్రాకెట్టు బిగింపరాదు. బోల్టులు పలక నుండి అవతలికి సాగి, లోపల వెడల్పైన లోహపు రేకులపై బిగియవలెను. పాత షాఫ్టు రంధ్రమును బిరడాతో గాక, ఫైబరు పొరలతో మూయవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అడుగున చేరి నిప్పురవ్వకే ప్రేలును. ట్యాంకుకు గాలి ఆడు చోటు చూడుడు.

బరువైన వలను నిదానముగా లాగు పడవకు, పెద్ద ఫ్యానును మెల్లగా త్రిప్పు లోపలి ఇంజనే మేలు. అట్టివారు మార్పు తలపెట్టకుండుటే లాభము.

ఇసుక బస్తాల పరీక్షకు ఒక పూట చాలును. ఆ పూట శ్రమకు వెనుదీయవలదని మా మనవి.