మందు కొలత, మన వడ్డీ లెక్క
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)

ఫార్మసీ చదవాలంటే మన పిల్లలకు ఏం కెమిస్ట్రీ రావాలి, ఏం లెక్కలు రావాలి, అది చెప్పమన్నారు. సంఘం మీటింగులో కెమిస్ట్రీ ఏందని వెనకాల నవ్వుతా ఉన్నారు. నవ్వండి, కానీ వినండి.

నూటికి రూపాయి వడ్డీ అంటే మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. 10,000 అప్పుకు నెలకు 100. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది చూడండి, అదీ నూటి లెక్కే. 100 మి.లీ. సెలైన్‌లో 0.9 గ్రాముల ఉప్పు. మరి 500 మి.లీ. సీసాలో? నాలుగున్నర గ్రాములు. మన పుస్తకాలు రాసే అమ్మాయిలు నోటితోనే చెప్పేస్తారు.

ఆ ఉప్పు మన ఇస్కపల్లి ఉప్పేనా అంటారేమో. ఉప్పు కయ్యలో తీసినదాంట్లో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం లవణాలు కూడా ఉంటాయి. వానాకాలం డబ్బాలో కల్లుప్పు చెమ్మగిల్లేది ఎక్కువగా ఆ మెగ్నీషియం వల్లే. పులుసులోకి పరవాలేదు, నరంలోకి ఎక్కించడానికి మాత్రం శుద్ధి చేసిందే కావాలి. కెమిస్ట్రీ అంటే ఇదే.

ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు. అందులో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. అదంతా లీటరు నీళ్లకు. 200 మి.లీ. గ్లాసులో మొత్తం పోసేస్తే ఐదింతలు చిక్కన. విరేచనాలతో నీరసించిన బిడ్డకు అది మేలు చెయ్యకపోగా ప్రమాదం.

అసలు భయం పిల్లల జ్వరం మందు దగ్గర. పారాసిటమాల్ బరువును బట్టి ఇస్తారు, ఒక మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. 10 కిలోల బిడ్డకు డాక్టరు 150 మి.గ్రా. రాశారనుకుందాం. షాపులో మూడు రకాల సీసాలు ఉంటాయి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదైతే 6 మి.లీ. పొయ్యాలి. 5 మి.లీ.లో 250 ఉన్నదైతే 3 మి.లీ. చాలు. చుక్కల మందు ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, కాబట్టి ఒకటిన్నర. పేరు ఒకటే, రంగు కూడా ఒకటే అయి ఉండొచ్చు. పొరపాటున చుక్కల మందు 6 మి.లీ. పోశారంటే 600 మి.గ్రా., నాలుగింతలు! అట్లా మళ్లీ మళ్లీ పడితే కాలేయం దెబ్బతింటుంది. డాక్టరు రాసింది, సీసా మీద ఉన్నది సరిచూసి ఇచ్చే మనిషే ఫార్మసిస్టు. ఇంట్లో చెంచాతో పొయ్యకండి, చెంచాలన్నీ ఒక కొలత కాదు. సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి.

మన పిల్లలు కొందరు మెడికల్ షాపుల్లో ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. మందుల పేర్లన్నీ వచ్చు. కానీ 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు కానివాళ్లు డాక్టరు చీటీ మీద మందు ఇవ్వకూడదు. అనుభవం ఎంతున్నా జీతం హెల్పరు జీతమే. రిజిస్ట్రేషన్ కావాలంటే కనీసం డి.ఫార్మసీ, రెండేళ్లు. దాని తర్వాత 500 గంటల శిక్షణ. 2022 నిబంధనల్లో ఎగ్జిట్ పరీక్ష కూడా పెట్టారు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, వాటితో బయాలజీ గానీ లెక్కలు గానీ చదివి ఉండాలి. ఆడపిల్లకు సులువుగా ఉంటుందని సీఈసీలో చేర్పిస్తే ఆ తలుపు పదహారేళ్లకే మూసుకుపోతుంది. ఆ సంగతి తెలిసి చేర్పించండి, తెలియక వద్దు.

అప్పు తీసుకునే ముందు ఆ కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూడండి. మూడు నెలలు, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుతో ఫార్మసిస్టు అవుతారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. పిల్ల పెళ్లికి అప్పంటే తీర్మానం గబగబా రాసేస్తాం, చదువుకంటే వంద ప్రశ్నలు వేస్తాం. నాకైతే నచ్చదు.

పదో తరగతి పిల్లలు వచ్చి ఉంటే భోజనాలయ్యాక ఉండమనండి. మూడు సీసాలూ, కొలత గ్లాసూ తెచ్చాను. వాళ్ల చేతనే పోయిస్తాను.