నెగటివ్ అని రాసే ముందు

 

నేను పాథాలజిస్టును. రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి ఏ మందు పనిచేస్తుందో చాలావరకు మా మైక్రోస్కోపు కింది స్లైడే చెబుతుంది. అందుకే ఈ రోజు పట్టా పుచ్చుకుంటున్న యువ వైద్యులైన మీతో ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట ‘నెగటివ్’.

అండాశయాలు తొలగిస్తే రొమ్ము కణితి తగ్గిందని గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ 1896లో ప్రకటించాడు. ఆ చికిత్స అందరికీ ఎందుకు పనిచేయదో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని (ఈఆర్) కనిపెట్టాక జవాబు దొరికింది. గ్రాహకం ఉన్న కణితికి అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోనే మేత. ఆ మేతకు అడ్డుపడేది టామాక్సిఫెన్. ఈఆర్ పాజిటివ్ రోగులు అయిదేళ్లు ఆ మాత్ర వేసుకుంటే, తర్వాతి పదేళ్లు కలుపుకుని చూసినా, ఈ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇంత చవక మందు ఇంత మేలు చేయడం క్యాన్సర్ వైద్యంలో అరుదు. అందుకే ఈఆర్ పరీక్షలో వందలో ఒక్క క్యాన్సర్ కణానికి రంగు పట్టినా పాజిటివ్ అనే రాస్తాం. ఆ అవకాశం ఎవరికీ చేజారకూడదు.

హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువున్న కణితులకు 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందు వచ్చింది. ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టిరాన్ గ్రాహకం), హెర్‌2 మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం పాశ్చాత్య దేశాలలోకంటే మన దగ్గర ఎక్కువ. ఈ రకం కణితి ఉన్నవారికి హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమోథెరపీయే ప్రధాన ఆధారం. కాబట్టి ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కణితి నిజంగా నెగటివా, మన చేతుల్లో నెగటివ్ అయిందా?

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో అదే జరిగింది. 1997 నుంచి 2005 వరకు అక్కడి ల్యాబులో చేసిన గ్రాహక పరీక్షలను టొరంటోలో మళ్లీ చేయిస్తే 380 మందికి పైగా స్త్రీల ఫలితాలు తప్పని తేలింది. వారిలో వందమందికి పైగా చనిపోయారు. సరైన ఫలితం వచ్చి ఉంటే వారిలో ఎందరు బతికేవారో ఎవరూ చెప్పలేరు. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే. దీనిపై జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ నివేదిక 2009లో వచ్చింది. పాథాలజీ చదివే ప్రతి ఒక్కరూ దాన్ని చదవాలి.

మీలో పాథాలజిస్టులయ్యేవారు కణితిని చూసే ముందు దాని పక్కనున్న మామూలు పాలనాళాలను చూడండి. వాటిలో కొన్ని కణాలకైనా గోధుమరంగు పట్టాలి. అక్కడా రంగు లేకపోతే పరీక్షే చెడిందేమోనని అనుమానించండి. నెగటివ్ అని సంతకం పెట్టకండి.

సర్జన్లయ్యేవారికి ఇంకా గట్టిగా చెబుతాను. తీసిన కణితి ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. పెద్ద ముక్కను కోసి తెరవకపోతే ఫార్మలిన్ లోపలిదాకా ఇంకదు. మన దగ్గర ఆపరేషన్ ఒక ఊళ్లో, ల్యాబు మరో ఊళ్లో ఉంటాయి. డబ్బా బంధువు చేతిలో బస్సెక్కి వస్తుంది. ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం కాగితం మీద రాయండి. రాయకపోతే మాకు తెలిసే దారి లేదు.

న్యూఫౌండ్‌లాండ్‌లో కొందరు స్త్రీలకు ఫలితాలు తప్పన్న సంగతి పత్రికల ద్వారా తెలిసింది. మీ రోగికి అలా తెలియనివ్వకండి. ఆమెను కూర్చోబెట్టి రిపోర్టులోని మూడు ఫలితాలనూ ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. అనుమానముంటే మళ్లీ పరీక్ష చేయిద్దామని మీరే ముందు అనండి, మాకు ఫోన్ చేయండి. ఆమె కణితి ముక్కను మైనంలో పొదిగిన బ్లాకు మా దగ్గర భద్రంగానే ఉంటుంది. దాన్నుంచి మరో స్లైడు తీయడానికి ఎంతో సేపు పట్టదు.