ఫుట్‌బాల్ ఆటకు ఇంటి టిక్కెట్టు

1927 జనవరి 22వ తేదీన లండన్‌లోని హైబరీ మైదానంలో ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్లు తలపడినవి. లీగు ఫుట్‌బాల్ ఆటను జరుగుచున్నది జరుగుచున్నట్లు బి.బి.సి. రేడియోలో వర్ణించి వినిపించుట అదే ప్రథమం. శ్రోతల సౌకర్యార్థం రేడియో టైమ్స్ పత్రిక మైదానపు పటాన్ని గళ్లుగా విభజించి అచ్చువేసినది. బంతి ఏ గడిలో ఉన్నదో ఒక కంఠం చెప్పుచుండగా, శ్రోత ఆ పటం ముందుంచుకొని ఆటను అనుసరించేవాడు. ఇందుకై అతడు వేరుగా చెల్లించినది ఏమీ లేదు. ఏడాదికి పది షిల్లింగుల లైసెన్సు రుసుములోనే సంగీతం, వార్తలు, నాటకాలు, ఆటలు అన్నీ ఇమిడి ఉండేవి.

అదే దేశంలో నేడు తన జట్టు ఆటలను ఇంట కూర్చుండి చూడదలచిన గృహస్థు ముందు లెక్కల పుస్తకం తెరవవలసి వచ్చుచున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, దాని భారం ఎవరిపై పడినదో విచారించుట ఈ ప్రసంగ విషయం.

మొదట టెలివిజన్ అనగానే ఫుట్‌బాల్ క్లబ్బులు భయపడినవి. ఆట ఇంటిలోనే కనిపించినచో మైదానం వద్ద టిక్కెట్టు కొనువారెవరని వారి సందేహం. 1960 సెప్టెంబరు 10వ తేదీన బ్లాక్‌పూల్, బోల్టన్ జట్ల ఆటను ఐ.టి.వి. ప్రత్యక్షంగా చూపినది గాని ఆ ప్రయత్నం కొనసాగలేదు. 1964లో బి.బి.సి. ప్రారంభించిన 'మ్యాచ్ ఆఫ్ ది డే' కార్యక్రమం కూడ ఆట ముగిసిన తరువాత రాత్రివేళ ముఖ్యఘట్టాలను చూపుటకే పరిమితమైనది. లీగు ఆటల ప్రత్యక్ష ప్రసారం 1983లోగాని స్థిరపడలేదు. రెండేళ్ల ప్రసార హక్కుల వెల అప్పుడు 52 లక్షల పౌండ్లు. 1988లో నాలుగేళ్లకు అది 4 కోట్ల 40 లక్షలైనది. అప్పటికిని ప్రేక్షకుడు లైసెన్సు రుసుముకు మించి ఇచ్చుకొనవలసినది లేదు.

1992లో పై శ్రేణి క్లబ్బులు పాత లీగునుండి వేరుపడి ప్రీమియర్ లీగును స్థాపించినవి. ఐదేళ్ల ప్రసార ఒప్పందం 30 కోట్ల 40 లక్షల పౌండ్లకు కుదిరినది. ప్రత్యక్ష ప్రసారాలు చందా కట్టినవారికి మాత్రమే కనిపించు స్కై సంస్థ వశమైనవి. ఆ రోజులలోనే మైదానాల స్వరూపం కూడ మారుచుండెను. 1989లో జరిగిన హిల్స్‌బరో దుర్ఘటన 97 మంది ప్రాణాలను బలిగొన్నది. దాని దరిమిలా పెద్ద క్లబ్బుల మైదానాలలో నిలబడి చూచు అరుగులు తొలగించి అందరికి ఆసనాలు అమర్చినారు. ప్రాణరక్షణకై అది అవసరమైన సంస్కరణమే. కాని కొద్ది డబ్బుతో నిలబడి ఆట చూచే చోటు పోయినది; ఇంటిలో ఉచితంగా చూచే వీలు కూడ అదే కాలంలో పోయినది.

ఒకే సంస్థ చేతిలో హక్కులన్నీ ఉండరాదని యూరోపియన్ కమిషన్ పట్టుబట్టినది. తత్ఫలితంగా 2007లో సెటాంటా అనే మరొక సంస్థ రంగంలోకి వచ్చినది. ఏడాదికి 138 ప్రత్యక్ష ప్రసారాలలో 92 స్కైకి, 46 సెటాంటాకు దక్కినవి. 2009లో సెటాంటా కుప్పకూలగా ఆ స్థానంలోకి ఇ.ఎస్.పి.ఎన్., 2013లో బి.టి. వచ్చినవి. 2019లో అమెజాన్ కూడ 20 ఆటలను కొన్నది. పోటీ పెరిగినచో ధర తగ్గునని అర్థశాస్త్రపు మొదటి పాఠం. ఇచ్చట ఆ పాఠం ఏల ఫలించలేదు?

ఒక వీధిలో రెండు బియ్యపు కొట్లున్నచో కొనువాడు చౌకైన కొట్టుకు పోగలడు. కాని ఒక హరికథ పూర్వార్ధం ఒక పందిరిలోను, ఉత్తరార్ధం మరొక పందిరిలోను చెప్పినచో, కథ వినగోరువాడు రెండుచోట్లను డబ్బు కట్టవలెను. ఫుట్‌బాల్ విషయమున జరిగినది ఇదియే. సంస్థలు పోటీపడినది హక్కులు కొనుటలో. ప్రేక్షకునికి చౌకగా అమ్ముటలో కాదు. తన జట్టు ఆటకు బదులు మరొక జట్టు ఆట చూచి తృప్తిపడుట అభిమానికి సాధ్యం కాదు. ఆ అనురాగమే అమ్మువానికి మూలధనం.

1997లో నాలుగేళ్ల హక్కుల వెల 67 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన నాలుగేళ్ల ఒప్పందం, ముఖ్యఘట్టాల ప్రసారంతో కలిపి, 670 కోట్లు. అనగా సరిగా పదిరెట్లు. న్యాయంగా రెండవ పక్షం కూడ చెప్పవలెను. 2016లో మొదలైన 513 కోట్ల 60 లక్షల ఒప్పందాన్ని ఆటలకు పంచినచో ఒక్కొక్క ఆటకు కోటి పౌండ్లకు పైబడినది. 2025 ఒప్పందంలో ఏడాదికి కనీసం 267 ఆటలు చూపవలసియుండుటచే ఆ వెల 63 లక్షలకు దిగినది. లెక్క ప్రకారం ఆట చౌకైనది. కాని గృహస్థు ఆటకింతయని కట్టుటలేదు, నెలకింతయని కట్టుచున్నాడు. వారానికొక్క ఆట చూచు తీరికగలవానికి చూడని ఆటల చౌకదనం వలన కలుగు లాభమేమి?

ఈ భారంపై ప్రతిఘటన రాకపోలేదు. పోర్ట్స్‌మత్‌లో పానశాల నడుపు ఒక మహిళ గ్రీసు దేశపు చందా కార్డు తెచ్చి తక్కువ ఖర్చుతో ఆటలు చూపినది. అందుకు శిక్షపడగా ఆమె యూరోపియన్ న్యాయస్థానం వరకు వెళ్లినది. అట్టి కార్డులను నిషేధించుట చెల్లదని 2011 అక్టోబరు 4వ తేదీన తీర్పు వెలువడినది. పిదప 2020 అక్టోబరులో, మహమ్మారి వలన మైదానాలు మూసియున్న వేళ, చందాకు అదనంగా కొన్ని ఆటలకు ఒక్కొక్కదానికి 14 పౌండ్ల 95 పెన్నీలు వసూలు చేయుటకు పూనుకొన్నారు. న్యూకాసిల్ మొదలగు నగరాల అభిమానులు ఆ సొమ్మును ఆకలిగొన్నవారికై ఆహార నిధులకు సమర్పించి ఆట చూచుట మానినారు. నవంబరులో ఆ పద్ధతి విరమింపబడినది.

ఈ సొమ్ముపై ఆధారపడిన చిన్న క్లబ్బులను కూడ మరువరాదు. 2002లో ఐ.టి.వి. డిజిటల్ సంస్థ దివాలా తీయగా, దానితో 31 కోట్ల 50 లక్షల ఒప్పందం చేసికొన్న ఫుట్‌బాల్ లీగు క్లబ్బులు రాబడి కోల్పోయి అనేక కష్టములు పడినవి. శనివారం మధ్యాహ్నం 2.45 నుండి 5.15 వరకు ప్రత్యక్ష ప్రసారం చేయరాదను పాత నియమం ఇట్టి క్లబ్బుల ద్వారం వసూళ్లను కాపాడుటకే ఏర్పడినది.

ఇక చట్టం చేయగలిగినదేమి? బ్రిటన్‌లో 1996 ప్రసార చట్టం క్రింద ప్రపంచ కప్పు పోటీలు, ఎఫ్.ఎ. కప్పు తుది ఆట అందరికి అందుబాటులో ఉండవలసిన జాబితాలో చేర్చబడినవి. మన దేశంలోను 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకొనవలెను. అయితే ఆ సౌకర్యం దూరదర్శన్ భూతల ప్రసారానికి, ఉచిత డిష్‌కు మాత్రమే వర్తించునని, కేబుల్ సంస్థలకు వర్తింపదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. తెనుగుదేశంలో ఆట చూచు గృహస్థునికి కూడ ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

జాబితాలు తుది ఆటలను కాపాడగలవు. వారం వారం జరుగు లీగు ఆటలను కాపాడలేవు. అభిమానం ఏర్పడునది మాత్రం ఆ వారపు ఆటలలోనే. పదేళ్ల బాలుడు ఒక జట్టును తనదిగా ఎంచుకొనుట చందా కట్టి చేయు పని కాదు; ఎదుట కనిపించినందున చేయు పని. అతని కంటికి ఆటను దూరం చేసినచో రేపటి చందాదారుడు ఎక్కడినుండి వచ్చును? ధరలు నిర్ణయించు పెద్దలు తమ లాభం కోరియైనను ఈ ప్రశ్నను ఆలోచింపవలసి యున్నది.