మీటరు ముల్లు దిగినంతనే నిశ్చింత వలదు
(మన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో పెక్కింటికి లారీయో, వ్యానో, కారో కలదు. అందుచేత నేడు బండిని గురించి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మేము వర్తకులమేగాని యంత్రశాస్త్రము చదివినవారము కాము. నష్టపడి నేర్చుకొన్నదానినే మనవి చేయుచున్నాము.

ఒక వేసవిలో మామిడికాయల బరువుతో మా లారీ కృష్ణగిరి నుండి ఎగువదారిని వచ్చుచుండెను. శూలగిరి చేరకముందే ఇంజను వేడిని చూపు ముల్లు పైకిపోయి, పిమ్మట ఒక్కసారిగా అడుగునకు పడిపోయెను. ఇంజను చల్లబడినదని తలచి డ్రైవరు బండిని ఆపక నడిపెను. కొద్ది దూరములోనే ఇంజను బిగిసిపోయెను. సరుకు దారిలోనే చెడెను. తప్పంతయు అతనిదేయని మేము కటువుగా మాటలాడి, జీతమున కోత విధించితిమి.

తరువాత మెకానిక్కు విప్పి చూపెను. రబ్బరు గొట్టము చీలి నీరంతయు కారిపోయినది. వేడిని కనిపెట్టు సెన్సారు నీటిలో మునిగియున్నపుడే సరిగా చెప్పగలదు. నీరు పోయినందున, ఇంజను మండిపోవుచున్నను ముల్లు తక్కువ చూపినది.

కావున ముల్లు హఠాత్తుగా పడినచో మొదట బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. బాగుగా చల్లారిన పిదపనే రేడియేటరు మూత తీయవలెను. వేడిమీద తీసినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. కాగియున్న ఇంజనులో చన్నీరు పోసినచో దాని హెడ్డు పగులవచ్చును.

నీరు సరిగానున్నచో ఇతర ముళ్లను చూడవలెను. అన్నియు కలిసి పడినచో ఫ్యూజునో, ఎర్తు తీగనో అనుమానింపవలెను. ఇది యొక్కటియే పడినచో సెన్సారుగాని దాని తీగగాని చెడియుండవచ్చును.

అట్లుగాక, గాలి తగులు రహదారిపై ముల్లు మెల్లగా దిగి, ఊరిలో బండి నిలిచినపుడు మరల ఎక్కుచున్నచో, అది సాధారణముగా థర్మోస్టాటు దోషము. నీరు సుమారు 80 నుండి 90 డిగ్రీల వేడికి వచ్చువరకు రేడియేటరునకు పోవు దారిని మూసియుంచు కవాటమిది. తెరచుకొనియే యుండిపోయినచో ఇంజను తగిన వేడికి రాదు. నూనె ఖర్చు పెరుగును, ఇంజను త్వరగా అరుగును. ఇంజను వెలతో పోల్చిన ఈ భాగము వెల స్వల్పము. మార్పించుటకు జాగు చేయరాదు.

ఆ డ్రైవరు తమిళ సోదరుడు. ముల్లు పడిపోవుటలో గల ప్రమాదమును అతనికి ఎవరును చెప్పియుండలేదు, మాకును తెలియదు. మేము అతని ఇంటికి పోయి, కోసిన జీతము తిరిగి యిచ్చి, క్షమింపుమని కోరితిమి. నేడు ఈ సంగతులు తెలుగున, తమిళమున వ్రాయించి మా ప్రతి బండిలోను అతికించియున్నాము. మీరును మీ బండ్లలో అట్లు చేయుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.